అభ్యంతరం లేదు

తిరువూరు,
15 జూన్ 2025

గౌరవనీయులైన సుబ్బలక్ష్మి మేడమ్ గారికి,

సుధామయి నమస్కారాలు.

ఫోన్ చేయమని మీరు రెండుసార్లు మెసేజ్ పెట్టారు. చేయలేకపోయాను. ఫోనులో నాకు మాట రాదని మీకు తెలుసు. అవతలివాళ్ళు హలో అనగానే నేను ఏం చెప్పాలనుకున్నానో మర్చిపోతాను. అందుకే ఉత్తరం. నవ్వుకున్నా పరవాలేదు.

మీ స్థానంలో వచ్చిన కిరీటి గారు ఈ నెల మొదట్లో ప్రిన్సిపాల్‌గా చేరారు. మంచివారు. వచ్చిన వారంలోనే అందరినీ పేర్లతో పిలుస్తున్నారు. ఫార్మకాలజీ ల్యాబులో రెండేళ్ళుగా కారుతున్న కుళాయి బాగుచేయించారు. మీరు ఆ కుళాయి గురించి ఎన్ని ఉత్తరాలు రాశారో సార్‌కి చెప్పాను. నవ్వి, "ఉత్తరాలు రాస్తే కుళాయిలు ఆగవమ్మా, ప్లంబర్‌ని పిలవాలి" అన్నారు.

జంతువుల ఎథిక్స్ కమిటీకి కూడా ఇప్పుడు ఆయనే చైర్మన్. నేనే సెక్రటరీని. మొన్న మా అమ్మ అదేం కమిటీ అని అడిగింది. కాలేజీలో ఎలుకల మీదా కుందేళ్ళ మీదా ఎవరు ఏ ప్రయోగం చేయాలన్నా ముందు మేం చదివి ఒప్పుకోవాలి అని చెప్పాను. "మీరు ఒప్పుకోవడమేంటే, ఎలుకల్ని అడుగుతారా?" అంది.

కమిటీలో ఒక మార్పు వచ్చింది. మీరున్నప్పుడు దరఖాస్తు ఇంగ్లిషులో ఉన్నా, దాన్ని సెక్రటరీ లేచి నిలబడి హనుమాయమ్మ గారికి తెలుగులో చెప్పాలి కదా. సైన్సు చదవని సభ్యురాలు ఆవిడ ఒక్కరే. వినగడప పాల సంఘం అధ్యక్షురాలు. ఆవిడకి అర్థమైందన్నాకే మిగతావాళ్ళు నోరు విప్పాలి. అది మీ పద్ధతి. కిరీటి గారు ఇక మీటింగులు అక్కర్లేదన్నారు. దరఖాస్తు అందరికీ మెయిల్లో వెళ్తుంది. మూడు రోజుల్లో "అభ్యంతరం లేదు" అనో, "ఉంది" అనో జవాబు ఇవ్వాలి. అందరికీ కాలేజీ పేరుతో మెయిల్ ఐడీలు నేనే తయారుచేశాను.

నిజం చెప్పాలంటే నాకు హాయిగా ఉంది. పదో తరగతి వరకు కాన్వెంటులో తెలుగు మాట్లాడితే సిస్టర్ మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. నేను తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నాను, నోటితో కాదు. మొదటి మీటింగులో 'శాక్రిఫైస్' అన్న మాటని తెలుగు చేసి, ప్రయోగం అయ్యాక ఎలుకల్ని బలి ఇస్తామని చదివాను. "ఏ దేవుడికమ్మా?" అన్నారు హనుమాయమ్మ గారు. అందరూ నవ్వారు. "చంపుతాం అను. నాలిక అరగదు" అన్నారు. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం తినలేదు. ఇప్పుడు ఆ బాధ లేదు.

మీ కొత్త ఉద్యోగం ఎలా ఉందో రాయండి.

మీ విద్యార్థిని,
సుధామయి


విశాఖపట్నం,
28 జూన్ 2025

సుధామయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం నా టేబుల్ మీదకి వచ్చిన మొదటి ఉత్తరం. మిగతావన్నీ ఫైళ్ళు. ప్యూను కవరు తిరగేసి చూసి, "ఊరి నుంచా మేడమ్?" అన్నాడు. అవునన్నాను.

రీసెర్చి డీన్ అంటే ఏమిటో ఇంకా నాకే పూర్తిగా తెలియదు. ఆరో అంతస్తు. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని అందరూ చెప్పారు. కనిపిస్తుంది, కానీ నా కుర్చీ వీపు అటు ఉంటుంది. ఇక్కడ కాలేజీలే పదకొండు. మనిషిని చూసి గుర్తుపట్టేలోగా ఇంకో మనిషి వస్తున్నాడు.

కిరీటి సమర్థుడు. కుళాయి సంగతి విని సంతోషించాను, కాస్త అసూయ కూడా పడ్డాను. కొత్త మనిషికి కొత్త పద్ధతులుంటాయి. నువ్వు దేనికీ కంగారుపడకు. మన కమిటీకి మంచి పేరుంది, అది నిలబడుతుంది.

హనుమాయమ్మ గారిని అడిగానని చెప్పు. ఆవిడ పంపిన రసాల బుట్ట నేను బయల్దేరిన రోజున బస్సులో సగం దూరం ఒళ్ళోనే పెట్టుకున్నాను.

సుబ్బలక్ష్మి


తిరువూరు,
17 ఆగస్టు 2025

గౌరవనీయులైన మేడమ్ గారికి,

నమస్కారాలు. ఆలస్యంగా రాస్తున్నాను. రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను.

చైతన్య మీకు గుర్తుండే ఉంటాడు. నాతోపాటే చేరాడు. కాలేజీ బస్సులో నా వెనక సీటు. వాళ్ళమ్మ పెట్టిన గోంగూర పచ్చడి డబ్బా ముందుకి చాపి, "మేడమ్ గారు మాట్లాడకపోయినా పరవాలేదు, తినండి" అంటాడు. పీహెచ్‌డీ గడువు దగ్గరపడింది. గాయాలు త్వరగా మాన్పే ఆకు లేపనం మీద పని. ఎలుక వీపు మీద చర్మం గుండ్రంగా కోసి, కొన్నిటికి లేపనం రాసి, కొన్నిటికి రాయకుండా, ఏది ముందు మానుతుందో చూడాలి.

దరఖాస్తు జూలైలో మెయిల్లో వెళ్ళింది. అందరూ అభ్యంతరం లేదన్నారు. ప్రయోగం రెండు జట్లుగా. మొదటి జట్టు ఈ నెలలో, రెండోది దసరా సెలవుల తర్వాత.

దరఖాస్తులో తొమ్మిదో పేజీలో ఒక వాక్యం ఉంది. కోసేటప్పుడు మత్తు ఇస్తారు. మత్తు దిగాక నొప్పికి మందు ఇవ్వరు, ఎందుకంటే ఆ మందు గాయం మానే తీరుని మారుస్తుంది కాబట్టి.

నిన్న పని మీద యానిమల్ హౌస్‌కి వెళ్ళాను. ఎలుకలు వీపులు విల్లులా వంచుకుని బోను మూలల్లో ఉన్నాయి. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. కళ్ళు సగం మూసి ఉన్నాయి. కళ్ళ చుట్టూ ఎర్రటి మరకలు. అది రక్తం కాదు, బాధలో ఉన్న ఎలుకకి అలా వస్తుంది. థర్డ్ ఇయర్ పిల్లలకి ఆ పాఠం చెప్పేది నేనే. పెట్టిన మేత పెట్టినట్టే ఉంది.

అన్ని గుంపులకీ ఒకే నొప్పి మందు ఒకే మోతాదులో ఇస్తే పోలిక చెడదు. అది కూడా నా సబ్జెక్టే.

బస్సులో చైతన్యతో అన్నాను, ఎలుకలు బాగా లేవని. అతను కిటికీలోంచి చూస్తూ, "నాకూ చూడబుద్ధి కావట్లేదు. కానీ కమిటీ ఒప్పుకుంది కదా" అన్నాడు.

మీ దగ్గర కమిటీ ఎలా జరుగుతోంది? అక్కడ తెలుగులో ఎవరు చెప్తున్నారు?

సుధామయి


విశాఖపట్నం,
24 ఆగస్టు 2025

సుధామయికి,

ఒకటే ప్రశ్న. ఆ తొమ్మిదో పేజీ నువ్వు ఎప్పుడు చదివావు? ఎలుకల్ని చూశాకనా, జూలైలోనా?

జూలైలో చదివి ఊరుకున్నావంటే నాకు చాలా బాధగా ఉంది. సెక్రటరీ అంటే కాగితాలు పంచే మనిషి కాదు. నిన్ను మూడేళ్ళు ఆ గదిలో కూర్చోబెట్టి నేర్పింది ఏమిటి? "ఇది తప్పు" అని రెండు మాటలు టైపు చేయడానికి నోరు కూడా అక్కర్లేదే. నువ్వు మాట్లాడలేవని నేను ఎప్పుడూ నిన్ను తప్పుపట్టలేదు. చదివి ఊరుకోవడం వేరు. అది సిగ్గు కాదు, సోమరితనం.

కిరీటిని కలువు. రెండో జట్టు మొదలవకుండా ఆపించు. నేను అక్కడ ఉంటే ఈ కాగితం నా టేబుల్ దాటేది కాదు.

కటువుగా రాశాను. కావాలనే.

సుబ్బలక్ష్మి


తిరువూరు,
14 సెప్టెంబరు 2025

మేడమ్ గారికి,

జూలైలోనే చదివాను.

మీ ఉత్తరం పర్సులో పెట్టుకుని తిరుగుతున్నాను. అందులో ఒక్క మాట కూడా కాదనలేను. అందుకే ఇన్ని రోజులు జవాబు రాయలేదు.

కిరీటి సార్ మీద భయంతో ఊరుకున్నానని మీరు అనుకుంటున్నారేమో. కాదు. అభ్యంతరం ఉందని రాస్తే మీటింగు పెట్టాలి. మీటింగు పెడితే నేను లేచి నిలబడి తెలుగులో చెప్పాలి. అంతే. దానికోసం ఊరుకున్నాను. ఇంత చిన్న కారణం రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది.

మీరు చెప్పినట్టు సార్‌ని కలిశాను. గది బయట చాలాసేపు నిలబడితే ఆయనే చూసి లోపలికి పిలిచారు. చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"మూడు రోజులు టైమిచ్చాను కదమ్మా. ఫార్మకాలజీ మీది. మీరు ఒక్క ముక్క రాస్తే ఆపేవాణ్ణి. నేను కెమిస్ట్రీ మనిషిని, ఎలుక మొహం చూసి నాకేం తెలుస్తుంది?" అన్నారు.

మేడమ్ ఉన్నప్పుడు ఇలా జరిగేది కాదన్నాను. అది అనకూడదని అన్నాక తెలిసింది.

ఆయన, "మేడమ్ ఉన్నప్పుడు మేడమ్ ఉండేవారు. కమిటీ ఎక్కడుంది?" అన్నారు. "నేను రాగానే కమిటీ నిబంధనలన్నీ చదివాను. తెలుగులో చెప్పాలని అందులో ఎక్కడా లేదు. లేనిదాన్ని నేను తీసేశానంటే ఎలా?" అన్నారు. నిజమే. నేనూ వెతికాను. లేదు.

తర్వాత ఆయన ఇంకో మాట అన్నారు. అది మీకు రాయాలా వద్దా అని ఆలోచించాను. ఈ మెయిల్ పద్ధతి ఆయన సొంతం కాదట. చేరగానే మీకు ఫోన్ చేసి, కమిటీ పనులు ఇంత ఆలస్యం ఎందుకవుతున్నాయని అడిగితే, మీ యూనివర్సిటీలో వాడుతున్న నమూనా మీరే పంపారట. "ఇది బాగా నడుస్తోంది" అని రాశారట. మూడు రోజుల గడువుతో సహా.

నేను నమ్మలేదు. ఆయన కంప్యూటర్ నా వైపు తిప్పబోయారు. వద్దన్నాను.

రెండో జట్టు సంగతి అలాగే ఉంది. మార్పు కావాలంటే అది కూడా మెయిల్లోనే పంపమన్నారు. పంపితే అందరూ మళ్ళీ అభ్యంతరం లేదంటారు. ఇంతకు ముందు ఎలుకలకి నొప్పి ఇవ్వడానికి లేని అభ్యంతరం, ఇప్పుడు మందు ఇవ్వడానికి ఉండదు. అయితే చైతన్య మొదటి జట్టు లెక్కలు దీనితో కలవవు. అవి పారేసి మొదటి నుంచి చేయాలి. అతని గడువు దాటిపోతుంది. అది మెయిల్లో ఎవరూ చదవరు. అతను వద్దంటాడు, సార్ సరే అంటారు, దసరా తర్వాత మళ్ళీ కోస్తారు.

ఇంకో సంగతి ఉంది. దాన్ని రాయలేను.

సుధామయి


విశాఖపట్నం,
21 సెప్టెంబరు 2025

సుధామయికి,

కిరీటి చెప్పింది నిజం.

ఈ ఒక్క వాక్యం రాసి లేచి వెళ్ళాను. ఇంట్లో ఎవరూ లేరు. కాఫీ పెట్టుకున్నాను, తాగలేదు.

ఇక్కడ నెలకి వచ్చే దరఖాస్తులు మన దగ్గర మూడేళ్ళలో వచ్చినవాటికన్నా ఎక్కువ. చేరిన కొత్తలో ఒకదాన్ని పూర్తిగా చదివాను. రెండు రోజులు పట్టింది. మూడో రోజు వీసీ గారు పిలిచి, పాత డీన్ ఉన్నప్పుడు ఏదీ ఆగేది కాదని నవ్వుతూ అన్నారు. ఆ తర్వాతి నుంచి కారులో, ఫోనులో, మొదటి పేజీ చూసి సరే అంటున్నాను. తొమ్మిదో పేజీ వరకు నేను ఎప్పుడూ వెళ్ళలేదు. నువ్వు వెళ్ళావు.

నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే నాకు తెలుసు, ఆ పద్ధతి నేను పంపిందేనని. సముద్రం గురించీ మామిడిపండ్ల గురించీ రాశాను. మీ దగ్గర ఎవరు చెప్తున్నారని నువ్వు అడిగితే, జవాబు చెప్పకుండా నిన్ను తిట్టాను. ఎవరూ చెప్పట్లేదు. ఇక్కడి కమిటీలో సైన్సు చదవని సభ్యుడు ఒక హోటల్ యజమాని. ఆయన మొహం నేను ఇంతవరకు చూడలేదు.

సోమరితనం అన్నాను నిన్ను. ఆ మాట నా గురించి తెలిసే రాశానేమో.

తెలుగులో చెప్పాలన్నది నిబంధనల్లో ఎందుకు లేదో అడిగావు. అడగలేదు, కానీ అడగాలి. నేనే పెట్టలేదు. పెడదామని ఒకసారి అనుకున్నాను కూడా. "మేడమ్ పద్ధతి" అని అందరూ అంటుంటే వినడం నాకు ఇష్టంగా ఉండేది. రాసిపెడితే అది కమిటీదైపోతుంది. పైగా నేనున్నంతసేపు మీలో ఎవరూ కాదు అనాల్సిన అవసరం రాలేదు, ఆ మాట నేనే అనేదాన్ని. మీరు నా వైపు చూసేవారు. నేను లేచి వచ్చేశాక ఆ గదిలో 'కాదు' అనడం తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. దాన్ని మంచి పేరు అనుకున్నాను.

నిన్ను ఏం చేయమని చెప్పే అర్హత నాకు లేదు. రాయలేని సంగతి ఏదో నాకు రాయనక్కర్లేదు. అది ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పు.

సుబ్బలక్ష్మి


తిరువూరు,
12 అక్టోబరు 2025

మేడమ్,

రాయలేని సంగతి ముందు రాస్తాను. లేకపోతే మళ్ళీ చివర్లో వదిలేస్తాను.

హనుమాయమ్మ గారికి మెయిల్ చూడడం రాదు. ఐడీ నేనే తయారుచేశాను, పాస్‌వర్డు నా దగ్గరే ఉంది. దరఖాస్తు వచ్చినప్పుడల్లా నేను ఆవిడకి ఫోన్ చేసి తెలుగులో చెప్పి, ఆవిడ అన్న మాట టైపు చేయాలని సార్, నేను అనుకున్నాం. చైతన్య దరఖాస్తు వచ్చినప్పుడు నంబరు కలిపాను. అటు మోగకముందే పెట్టేశాను. మూడో రోజు ఆవిడ మెయిల్ తెరిచి, ఆవిడ పేరు మీద నేనే "అభ్యంతరం లేదు" అని రాశాను. అంతకు ముందు వచ్చిన రెండు దరఖాస్తులకీ అలాగే రాశాను. ఫోన్ చేయడం కన్నా అది తేలికగా ఉంది.

దసరా వెళ్ళిన ఆదివారం గంపలగూడెం వైపు బస్సెక్కి, తర్వాత ఆటోలో వినగడప వెళ్ళాను. దారి పొడవునా చెప్పాల్సింది నోట్లో అనుకుంటూనే ఉన్నాను. ఆవిడ పాల కేంద్రంలో ఉన్నారు. పొద్దుటి పాలు పోసేవాళ్ళు ఇంకా వస్తున్నారు. నన్ను చూసి, "ఏమ్మాయ్, కమిటీని ఎత్తేశారా ఏంటి? వేసవి నుంచి పిలుపే లేదు" అన్నారు. నాకు అక్కడే ఏడుపొచ్చింది. ఆవిడ చూసి, క్యాన్ల పక్కనున్న బల్ల మీద కూర్చోబెట్టారు. అనుకున్నదంతా పోయింది. ఎలా వస్తే అలా చెప్పాను. వీపు మీద చర్మం కోస్తారని, మత్తు దిగాక మందు ఇవ్వలేదని, అవి మేత ముట్టలేదని.

ఆవిడ మధ్యలో అడ్డురాలేదు. విన్నాక అన్నారు:

"ఎలకలంటే నాకేం ప్రేమ లేదమ్మాయ్. చేలో బుట్టలు పెట్టిస్తాం, పడ్డవాటిని చంపిస్తాం. అయినా బుట్టలో పడ్డదాన్ని అన్ని రోజులు ఉంచం. మరి అంతమంది చదివినోళ్ళున్నారు, అందరూ సరేనన్నారా?"

అన్నారండి అన్నాను.

"నన్నెవరూ అడగలా?"

అప్పుడు మెయిల్ సంగతి చెప్పాను. ఆవిడకి అర్థం కావడానికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. మొదటిసారి మామూలుగా చెప్పాను. రెండోసారి, "మీ బదులు మీరు సరేనన్నట్టు నేను రాశానండి" అన్నాను.

పాలు కొలిచే అమ్మాయి చెయ్యి ఆగిపోయింది. హనుమాయమ్మ గారు ఆ అమ్మాయి వైపు చూసి, పని చూసుకోమన్నట్టు తల ఊపారు. తర్వాత, "నన్ను అడగటానికి నీకేమొచ్చింది?" అన్నారు. ఫోనులో మాట్లాడాలంటే భయమండి అన్నాను. నేనంటేనా అన్నారు. ఎవరన్నా అంతేనండి అన్నాను.

"అయితే నీ భయాన్ని నా పేరు మీద రాశావన్నమాట" అన్నారు.

నాకు టీ ఇప్పించారు. ఆ టీ తాగడం ఎంత కష్టమైందో చెప్పలేను. అక్కడే, నా ఎదురుగానే కిరీటి సార్‌కి ఫోన్ చేసి, బుధవారం వస్తున్నానని, రెండో జట్టు మీద చెయ్యి పడకముందే అందరినీ కూర్చోబెట్టమని చెప్పారు. సార్ ఏదో అన్నారు. "నాకు మెయిల్ రాదయ్యా, బస్సు వస్తది" అన్నారు ఆవిడ.

బుధవారం మీటింగు జరిగింది. మీరు కూర్చునే కుర్చీలో సార్ కూర్చున్నారు. చైతన్యని కూడా పిలిచారు, తలుపు దగ్గర కూర్చున్నాడు. నేను లేచాను. మాట ఆగలేదు. దరఖాస్తు మొత్తం తెలుగులో చెప్పాను. తొమ్మిదో పేజీ దగ్గరికి వచ్చేసరికి పశువుల డాక్టరు ప్రభుదాసు గారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆయనా మెయిల్లో సరేనన్నవారే.

హనుమాయమ్మ గారు అడిగారు. మందు ఇస్తే పని చెడుతుందా? అన్నిటికీ ఒకేలా ఇస్తే చెడదండి. అది ఎవరికి తెలుసు? నాకు తెలుసండి. మరి మొదట కోసిన వాటి లెక్కలు? అవి ఇక దేనికీ పనికిరావండి. అవేవి ఇప్పుడు? చంపేశామండి.

"అంటే ఊరికే పోయాయి" అన్నారు.

"అవునండి."

"అవి అట్టా ఉన్నాయని ఎవరు చూశారు?"

"నేను చూశానండి."

ఆ తర్వాత మెయిల్ సంగతి కూడా చెప్పాను. సార్ అడ్డుపడి, అది మీ ఇద్దరి మధ్య సంగతి, మినిట్స్‌లో అక్కర్లేదన్నారు. ఆయన దయతోనే అన్నారని తెలుసు. రాయాలన్నాను. నా చేత్తో నేనే రాశాను.

రెండో జట్టు ఆగింది. చైతన్య కొత్త దరఖాస్తు పెట్టాలి, అన్ని గుంపులకీ నొప్పి మందుతో, మొదటి నుంచి. ఏడాది పోతుంది. బయటికి వచ్చాక నా పక్కన నడుస్తూ, "జూలైలో నువ్వు ఒక్క మాట అంటే మార్చేవాణ్ణి కదా సుధా. బస్సులోనే అనొచ్చు కదా" అన్నాడు. అరవలేదు. అనొచ్చు అన్నాను. ఇప్పుడు అతను బస్సులో ముందు సీట్లో కూర్చుంటున్నాడు. డ్రైవరు ఏడుకొండలు రోజూ అద్దంలోంచి మా ఇద్దరినీ చూస్తాడు, ఏమీ అడగడు.

తెలుగులో చెప్పాలన్న మాట ఇప్పుడు నిబంధనల్లో చేరింది. అందులో మీ పేరు లేదు. ఉండకూడదని నేనే అన్నాను. మీకు బాధ కలిగితే మన్నించండి. రేపు నేను పోయినా, సార్ పోయినా అది ఉండాలి.

సెక్రటరీ పని నుంచి తప్పుకుంటానని కాగితం రాసి మీటింగుకి తీసుకెళ్ళాను. సార్ తీసుకోబోయారు. హనుమాయమ్మ గారు మధ్యలో చెయ్యి పెట్టి, "తప్పు చేసి తప్పుకోడం తేలిక. ఉండి చెప్పమనండి" అన్నారు. ఆ మాటని ఎలా తీసుకోవాలో నాకు ఇంకా తెలియలేదు. ఉన్నాను.

మీటింగయ్యాక బస్టాండు దాకా ఆవిడతో వెళ్ళాను. సంచి నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. గంపలగూడెం బస్సు వచ్చేదాకా ఇద్దరం నిలబడే ఉన్నాం. ఎక్కే ముందు, "నా కోపం పోలేదు, పోయిందనుకోకు" అన్నారు. సరేనండి అన్నాను. "ఇంకోసారి నా పేరు రాయాల్సొస్తే ఫోన్ చెయ్. మాట్లాడకపోయినా పరవాలా. నువ్వేనని తెలుసుకుని నేనే అడుగుతా" అన్నారు.

కిటికీ పక్క సీటు దొరికింది ఆవిడకి. బస్సు కదిలేవరకు నా వైపు చూడలేదు. కదిలాక కూడా చూడలేదు. నేను మాత్రం బస్సు మలుపు తిరిగేవరకు అక్కడే నిలబడ్డాను. కదలడానికి ముందు చెయ్యి ఊపుదామనుకున్నాను, ఊపలేకపోయాను.

సుధామయి